జాగ్రత్త: తక్కువ ధరకే ‘4కె బిజినెస్ వీడియో కిట్’ అంటే తొందరపడి డబ్బు కట్టకండి

రీల్స్ చూస్తుంటే మధ్యమధ్యలో ఒక ప్రకటన వస్తోంది. 4కె కెమెరా, షాట్‌గన్ మైకు, ఎల్‌ఈడీ లైటు, ట్రైపాడ్ అన్నీ కలిపి పన్నెండు వేల లోపే, ఆఫర్ ఈ రాత్రితో ఆఖరు అని. షాపు, క్లినిక్, కోచింగ్ సెంటర్, మీరు ఏది నడుపుతున్నా సరే, కెమెరా ముందు కూర్చుని మాట్లాడే వీడియోలు మొదలుపెడదామనుకుంటే ఇది చదివాకే కొనండి. మా అక్కకి గుంటూరులో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు ఫైల్ చేసే చిన్న ఆఫీసు ఉంది. క్లయింట్లు రోజూ ఫోన్ చేసి అడిగే ప్రశ్నలకి వీడియోల్లో జవాబులు చెప్పి పెట్టేద్దామని ఈ కిట్ తెప్పించింది. డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే సరుకు రకరకాల పేర్లతో తిరుగుతోంది, పేరు తెలిసినంత మాత్రాన మీరు తప్పించుకోలేరు.

ముందు కెమెరా సంగతి. డబ్బా మీద 4కె, 48 మెగాపిక్సెల్ అని ఇంతేసి అక్షరాలు. తీసిన ఫైల్ ప్రాపర్టీస్ చూసినా 3840 × 2160 అనే ఉంటుంది, చాలామంది అక్కడే నమ్మేస్తారు. కానీ అక్క వెనక ర్యాకులో ఫైళ్ల మీద స్కెచ్ పెన్నుతో లావుగా రాసిన 2023-24 అనే అంకెలు ఆ వీడియోలో చదవలేకపోయాం, అదే కుర్చీలో కూర్చోబెట్టి అంతే దూరం నుంచి పాత ఫోన్‌తో 1080లో తీస్తే స్పష్టంగా కనబడ్డాయి. లోపలున్న చిన్న సెన్సర్, అంటే వెలుతురుని బొమ్మగా మార్చే చిప్, తక్కువ పిక్సెళ్లతో తీసిన బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కె సైజు చేస్తున్నారు. ఇంటర్‌పొలేషన్ అంటారు దీన్ని. కొనే పేజీలో స్పెసిఫికేషన్లు కింది దాకా చదివి ఈ మాట కనబడితే ఇంక ఆలోచించకుండా వదిలేయండి. సెన్సర్ పేరు, సైజు ఎక్కడా రాయకపోయినా అనుమానించాల్సిందే.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది మైకు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు గానీ, మాట సరిగ్గా వినబడకపోతే వెంటనే వేరే వీడియోకి వెళ్లిపోతారు. షాట్‌గన్ మైకుకి గొట్టం పక్కన పొడుగ్గా చీలికలు ఉంటాయి, పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించేది ఆ చీలికలే. ఈ కిట్‌లో వచ్చిన దాని ఫోమ్ తీసి వేలితో తడిమి చూస్తే అవి చీలికలు కావు, ప్లాస్టిక్ మీద గాడి పెట్టి నల్ల రంగు వేశారు. మూత విప్పితే శబ్దాన్ని పట్టే అసలు భాగం, మైక్ క్యాప్సూల్, కందిగింజంత, రెండు సన్నటి వైర్లు, మిగతా గొట్టమంతా ఖాళీ. అక్క మాట కన్నా ఫ్యాన్ చప్పుడు, రోడ్డు మీద ఆటో హారనే ఎక్కువ వినబడ్డాయి.

లైటు మీద 60 వాట్లని స్టిక్కర్ ఉంది, వైరు చివర చూస్తే మామూలు యూఎస్‌బీ పిన్ను. కిట్‌తో వచ్చిన అడాప్టర్ మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసుంది. రెండూ గుణిస్తే 10 వాట్లు. ఆ అడాప్టర్ ఇవ్వగలిగిందే పది అయితే లైటుకి అరవై ఎక్కడి నుంచి వస్తుంది? ఈ లెక్క కొనేముందే ఫోటోలో చూసి వేసుకోవచ్చు. ఇక రంగుల విషయం. ఆ వెలుతురులో అక్క ముఖం పాలిపోయినట్టు, ఎర్రటి బొట్టు గోధుమరంగులో కనబడింది. లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పేది సీఆర్‌ఐ అనే అంకె, 95 పైన ఉంటే మంచిది. అయితే ఆ అంకెని ఎనిమిది లేత రంగుల సగటుతో లెక్కిస్తారు, ముదురు ఎరుపు అందులో ఉండదు, దానికి ఆర్9 అని వేరే అంకె ఉంది. చర్మం, బొట్టు, పట్టుచీర బాగా కనబడాలంటే అది కూడా రాసిన లైటే చూడండి.

వీడియోలో అడ్డంగా నల్ల చారలు పాకుతున్నాయా? మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం ఎల్‌ఈడీలు, పాత ట్యూబులు సెకనుకి వంద సార్లు మినుకుతాయి. షట్టర్ స్పీడ్, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి కెమెరా వెలుతురు తీసుకునే సమయం, సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెడితే చాలావరకు పోతాయి. ఈ కిట్ కెమెరాలో షట్టర్ మార్చే వీలే లేదు. ఫోన్‌లో అయితే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది, దాన్ని సపోర్ట్ చేసే ఫోన్ అయితే అందులో మార్చుకోవచ్చు.

ఇప్పుడు బిల్లు. అక్క పని అదే కాబట్టి చూడగానే పట్టేసింది. చిరునామా సూరత్ అని ఉంది, జీఎస్టీ నంబరేమో 07తో మొదలైంది. ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: 07 అంటే ఢిల్లీ, గుజరాత్‌కి 24, మన ఆంధ్రకి 37, తెలంగాణకి 36. జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’లో కొట్టి చూస్తే ఆ నంబరు బట్టల వ్యాపారం చేసే ఇంకెవరిదో. ముందే నంబరు అడిగి ఇలా చూసుకోవడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. నంబరు ఇవ్వనన్నవాళ్ల దగ్గర కొనొద్దు.

తిరిగి తీసుకోమంటే ‘సీల్ తీశారు, నో రిటర్న్’ అని ఒక మెసేజ్ పెట్టి తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఇది చెల్లదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకుని వెనక్కి తీసుకోననే హక్కు అమ్మినవాళ్లకి లేదు. అక్క 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేసింది, అది నడుస్తోంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దామనుకుంటున్నాం, ఐదు లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు.

ఇంకా కొననివాళ్లకి నా మాట: కిట్‌గా కొనకండి, విడివిడిగా కొనండి, మొదటి ఖర్చు మైకు మీద పెట్టండి. బోయా బీవై-ఎం1 లాంటి వైరున్న కాలర్ మైకు ఇంచుమించు వెయ్యి రూపాయల్లో వస్తుంది, వైరు ఆరు మీటర్లు ఉంటుంది, దానికీ నకిలీలు ఉన్నాయి కాబట్టి బిల్లు ఇచ్చే షాపులోనే తీసుకోండి. గడ్డానికి జానెడు కింద తగిలించుకుని, ఫ్యాన్ ఆపి, గదిలో కర్టెన్లు, దుప్పట్లు వేస్తే మాట ఎంత తేరుకుంటుందో మీకే తెలుస్తుంది. ఒక్క చిక్కు ఉంది. మైకు వైరు చివరున్న పిన్ను, అంటే జాక్ మీద నల్ల గీతలు రెండుంటే కెమెరాకి, మూడుంటే ఫోన్‌కి. చాలా కొత్త ఫోన్లలో ఆ జాక్ పెట్టే రంధ్రమే ఉండటం లేదు, టైప్-సీ కన్వర్టర్ కొనేటప్పుడు మైకుకి కూడా పనిచేస్తుందని షాపులోనే రికార్డ్ చేసి వినండి, పాటలు వినడానికి మాత్రమే పనికొచ్చేవి అంటగడుతున్నారు.

కెమెరాగా మీ ఫోన్ వెనక కెమెరా చాలు. సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ చౌకగా వస్తోందని వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, కెనాన్ 1500డీ, నికాన్ డీ3500 రెండింటికీ మైకు పెట్టుకునే రంధ్రం లేదు. ఫోటోలకి మంచివే, మన పనికి కావు. లైటు ఆఖరున కొనొచ్చు, అప్పటిదాకా పగటిపూట కిటికీకి కాస్త ఏటవాలుగా కూర్చుని, గదిలో ట్యూబులైట్ ఆపేసి తీయండి. కళ్లద్దాలు ఉన్నవాళ్లు రింగ్ లైట్ జోలికి వెళ్లకండి, అద్దాల్లో తెల్లటి చక్రాలు కనబడతాయి.

ఇప్పటికే ఈ కిట్ ఆర్డర్ పెట్టినవాళ్లు పార్సిల్ వచ్చాక కత్తెర పెట్టే ముందే వీడియో ఆన్ చేయండి, కొరియర్ స్టిక్కర్ నుంచి ప్రతి వస్తువూ వెలిగించి చూపేదాకా ఒకే టేక్‌లో తీయండి. ప్రకటన స్క్రీన్‌షాట్లు కూడా ఇప్పుడే దాచుకోండి. అక్క ఫిర్యాదు చేసిన కొన్నాళ్లకే ఆ పేజీ పేరు మారిపోయింది, పాత ప్రకటన ఎక్కడా లేదు, మా దగ్గర స్క్రీన్‌షాట్లు ఉండబట్టే ఫిర్యాదు నిలబడింది.