లాక్ ఉన్న రింగ్ బైండర్: విశాఖ ఉప్పుగాలిలో చాలాకాలం వాడాక

ఈ బైండర్‌ని నేను మెచ్చుకునేది ఒక్క లాక్ కోసమే. అట్ట, రంగు, లోపలి జేబు, పక్కన పేరు రాసుకునే చీటీ అన్నీ మామూలు బైండర్లకి ఉన్నట్టే ఉన్నాయి, వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. రింగుల వరస చివరనున్న లివర్ (చిన్న పిడి) నిలబెట్టి రింగులు మూస్తే, మళ్లీ మనం ఆ లివర్ వంచేదాకా అవి తెరుచుకోవు. చేతిలోంచి జారినా, బండి మీద గతుకుల్లో ఊగినా, పైన ఇంకో నాలుగు ఫైళ్లు పడేసినా అంతే. కాగితం వరస తప్పితే ఉద్యోగం మీదకి వచ్చే నాలాంటి వాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

నేను గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో క్వాలిటీ డాక్యుమెంట్లు చూస్తాను. ట్యాంకులు, పైపు స్పూల్స్ (ముందే అతికి సిద్ధం చేసిన పైపు ముక్కలు), ఒత్తిడి తట్టుకునే చిన్న ప్రెజర్ వెస్సల్స్ మా దగ్గర తయారవుతాయి. ప్రతి జాబ్‌కీ ఒక డోసియర్, అంటే దాని కాగితాలన్నీ ఉన్న ఫైలు, ఉంటుంది. ప్లేట్ల టెస్ట్ సర్టిఫికెట్లు, వెల్డర్ల క్వాలిఫికేషన్ కాగితాలు, రేడియోగ్రఫీ (వెల్డింగ్‌కి తీసే ఎక్స్‌రే లాంటిది) రిపోర్టులు, నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే హైడ్రో టెస్ట్ చార్టు అన్నీ అందులో వరసగా ఉండాలి. థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్ (బయటి సంస్థ తరఫున తనిఖీ చేసేవారు) వచ్చి ప్లేటు మీద కొట్టిన హీట్ నంబర్, అంటే ఆ ఉక్కు ఏ విడతలో కరిగించి పోసిందో చెప్పే నంబర్, చదివి, "దీని సర్టిఫికెట్ ఏదీ?" అంటారు. అది తీసి చూపించాలి, జిరాక్స్ తీయించాలి, మళ్లీ అదే చోట పెట్టాలి. ట్యాగ్ వేసిన ఫైలైతే అడుగున ఉన్న ఒక్క కాగితం కోసం పైనున్నవన్నీ విప్పుకోవాలి. బాక్స్ ఫైలు బీరువాలో నిలబెట్టడానికి బాగుంటుంది గానీ, షాప్‌ఫ్లోర్ మీద ఒక చేత్తో పట్టుకుని తిరగడానికి బరువు. అందుకే మాకు రింగ్ బైండర్ తప్పదు.

ఇంతకుముందు వాడిన మామూలు బైండర్ల మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు. కొత్తలో రింగులు ఎంత గట్టిగా ఉంటాయంటే, తెరవాలంటే రెండు బొటనవేళ్లూ నొప్పెట్టాలి. మూసేటప్పుడు 'టక్'మని పడి వేలి చర్మం పట్టేస్తాయి. కొన్నాళ్లకి ఆ బిగువంతా పోతుంది. అప్పుడు బైండర్ నిండా కాగితాలుండి టేబుల్ మీంచి పడిందంటే చాలు, రింగులు నోళ్లు తెరుస్తాయి. ఒకసారి రేడియోగ్రఫీ రిపోర్టులు గ్రైండింగ్ జరుగుతున్న చోట నేలంతా చెల్లాచెదురయ్యాయి. వాటిని వెల్డింగ్ జాయింట్ నంబర్ల ప్రకారం మళ్లీ వరసలో పెట్టేసరికి ఆ పూటంతా గడిచిపోయింది.

లాక్ ఉన్నది తీసుకున్నాక మొదటి వర్షాకాలం దాకా నేను దాన్ని కనపడిన వాళ్లందరికీ సిఫారసు చేశాను. వెల్డింగ్ విభాగం పైనున్న మెజ్జనైన్ (అర అంతస్తు) మీద మా ఆఫీసు ఉంటుంది. ఆ ఇనప మెట్ల మీంచి ఈ బైండర్ నిండుగా ఉన్నప్పుడే కిందదాకా దొర్లింది. పరిగెత్తుకెళ్లి చూస్తే నాలుగు రింగులూ మూసినవి మూసినట్టే ఉన్నాయి. అప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తే.

దానికి ఒక మాట కలపాలని తర్వాత తెలిసింది. రింగు తెరుచుకోలేదు గానీ మొదట్లో కొన్ని, చివర్లో కొన్ని కాగితాల చిల్లులు చిరిగిపోయి ఉన్నాయి. ఏ4 కాగితానికి మనం కొట్టే చిల్లు 6 మి.మీ. వెడల్పు, దాని మధ్య భాగం అంచుకి 12 మి.మీ. దూరం. అంటే చిల్లుకీ అంచుకీ మధ్య మిగిలే కాగితం 9 మి.మీ. మాత్రమే. పడినప్పుడు రింగు వదలకపోతే ఆ బరువంతా ఈ కాస్త కాగితమే మోయాలి. అప్పట్నుంచి ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెడుతున్నాను, మిగతావాటికి చిల్లు చుట్టూ గుండ్రటి స్టిక్కరు అంటిస్తున్నాను. రెండు రింగులున్న దానికంటే నాలుగు రింగులున్నది తీసుకోవడం కూడా ఇందుకే మంచిది, బరువు నాలుగు చోట్లకి పంచుకుంటుంది.

ఇక అసలు సంగతి. వానలు పట్టిన రోజుల్లో, ఒక ఇన్‌స్పెక్షన్ మధ్యలో, ఈ లాక్ నాకు తెరుచుకోలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు ఎదురుగా కూర్చున్నారు. ఒక నాజిల్ (ట్యాంకుకి పైపు తగిలించే చోటు) ప్లేటు సర్టిఫికెట్ బయటికి తీసి, ఒరిజినల్ మీద సంతకం చేసి ఇస్తామన్నారు. లివర్ వంచబోయాను. కాస్త కదిలి ఆగిపోయింది. ఇంకొంచెం బలం పెట్టాను, రాలేదు. మా క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) సర్ తీసుకుని చూశారు, ఆయనకీ రాలేదు. హెల్పర్ కుర్రాడు స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి రింగుల మధ్య దూర్చబోయాడు. నాకు ఒకటే టెన్షన్. ఆ సర్టిఫికెట్ కవర్ లోపల ఉన్నా, కవర్‌ని చింపి తీస్తే పక్కవాటికి దెబ్బ తగలొచ్చు. మరోపక్క ఇన్‌స్పెక్టర్ గారు ఇంకో సైటుకి వెళ్లాలని వాచీ చూసుకుంటున్నారు.

అప్పుడే మా ఫిట్టర్ బాబాయ్ టీకి పైకొచ్చాడు. చూసీ చూడగానే, "ఆగమ్మా, రింగులు పట్టుకుని లాగకండి. లోపల అడ్డు పడి ఉంది. ఇప్పుడు లాగితే రింగే ఒంగిపోద్ది" అన్నాడు. బైండర్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చివర ఉన్న సందులోంచి ఫోన్ లైటు వేసి చూశాడు. నన్నూ చూడమన్నాడు. అన్నాళ్లు వాడిన వస్తువు లోపల ఏముందో నేను అప్పుడే మొదటిసారి చూశాను.

లోపలి సంగతి నాకు బాగా అర్థమైంది మాత్రం ఆ సాయంత్రమే. పాత మామూలు బైండర్ ఒకటి పడేయకుండా ఉంచాం, దాని రివెట్లు డ్రిల్ చేసి మెకానిజం విప్పి చూపించాడు. పైన కొంచెం ఒంపు తిరిగిన స్టీలు మూత. దాని కింద పక్కపక్కనే రెండు పొడవాటి రేకులు. ప్రతి రింగులో ఒక సగం ఈ రేకుకీ, ఇంకో సగం ఆ రేకుకీ అతికి ఉంటాయి. మూత లోపలి వెడల్పు ఆ రెండు రేకుల మొత్తం వెడల్పు కంటే కాస్త తక్కువ. అందుకే రేకులు చదునుగా పడుకోలేవు, వాటి నడిమి అంచులు పైకైనా లేవాలి, కిందికైనా దిగాలి. దిగితే రింగులు మూసుకుంటాయి, లేస్తే తెరుచుకుంటాయి. అటు నుంచి ఇటు మారేటప్పుడు మూత ఒక్క క్షణం విచ్చుకుని మళ్లీ బిగుస్తుంది. మనకి వినిపించే 'టక్' అదే. అంటే మామూలు బైండర్‌లో రింగుల్ని మూసి ఉంచేది ఆ మూత బిగువు ఒక్కటే. బిగువు ఎక్కువ పెడితే వేళ్లు నలుగుతాయి, తక్కువ పెడితే కిందపడినప్పుడు విచ్చుకుంటుంది. వాడగా వాడగా ఎలాగూ తగ్గుతుంది. పాతవాటి మీద నా కోపానికి కారణం ఇదీ.

లాక్ ఉన్న దాంట్లో ఇంకొక సన్నటి పట్టీ ఉంటుంది. అది లివర్‌కి తగిలించి ఉండి, మూతకీ రేకులకీ మధ్య ముందుకీ వెనక్కీ జరుగుతుంది. దాని మీద చిన్న దిమ్మలు ఉంటాయి. లివర్ నిలబెట్టినప్పుడు ఆ దిమ్మలు రేకులకీ మూతకీ మధ్యకి వచ్చి నిలబడతాయి. ఇక రేకులు పైకి లేవడానికి చోటే ఉండదు. లివర్ వంచినప్పుడు ముందు దిమ్మలు పక్కకి తప్పుకుంటాయి, ఆ తర్వాతే రేకులు లేస్తాయి. ఒక్క కదలికలో రెండు పనులు. పట్టి ఉంచే పని దిమ్మలే చూసుకుంటాయి కాబట్టి మూత అంత బిగువుగా ఉండక్కర్లేదు. ఈ బైండర్ మూసేటప్పుడు వేలు నలగకపోవడానికీ, ఒక చేత్తో తెరవగలగడానికీ కారణం అదేనని అప్పుడు తెలిసింది. నా దృష్టిలో ఇంతకంటే మంచి ఆలోచన స్టేషనరీలో ఇంకోటి లేదు.

మరి ఎందుకు పట్టేసింది? తుప్పు. ఆ పట్టీ జరిగే దారిలో ఎర్రటి పొడి పేరుకుంది. రింగులకి వేసిన నికెల్ పూత పైకి మెరుస్తూనే ఉంది. పట్టీ రాసుకునే చోట మాత్రం పూత అరిగి స్టీలు బయటపడింది. మన ఊళ్లో గాలి ఎలాంటిదో విశాఖ వాళ్లకి చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు తడిసిన ఫైళ్లు కొన్ని ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి, ప్రతి చిల్లు చుట్టూ తుప్పు మరక ఉంటుంది. జూన్ నుంచి నవంబరు దాకా వానలు, తుపాన్లు, మిగతా రోజుల్లో చెమ్మ. మామూలు బైండర్‌లో తుప్పు పడితే కాస్త కిర్రుమంటుంది, అయినా తెరుచుకుంటుంది. లాక్ ఉన్న దాంట్లో తుప్పు సరిగ్గా అడ్డుదిమ్మల దారిలోనే పడుతుంది, ఇక కదలదు.

బాబాయ్ కాగితాల మీద నూనె పడకుండా ముందు కింద ఒక ప్లాస్టిక్ షీటు దూర్చాడు. కుట్టు మిషన్‌కి వాడే పల్చటి నూనె చీపురు పుల్లతో అద్ది, లివర్ దగ్గర సందులో ఒక్కో చుక్క వదిలాడు. తర్వాత బలం పెట్టకుండా లివర్‌ని ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఆడించాడు. ఇన్‌స్పెక్టర్ గారు కూడా లేచి వచ్చి నిలబడి చూశారు. టీ చల్లారకముందే రింగులు తెరుచుకున్నాయి. సర్టిఫికెట్ మీద గీత కూడా పడలేదు. ఆ స్క్రూడ్రైవర్ గనక వాడి ఉంటే రింగు వంకరపోయి బైండర్ అక్కడితో అయిపోయేది.

ఆ రోజు తర్వాత దీన్ని సిఫారసు చేసేటప్పుడు ఒక షరతు చెబుతున్నాను. వానలకి ముందు ఒకసారి, డిసెంబరులో ఒకసారి నూనె చుక్క వేసుకోవాలి. నూనె ఎక్కువైతే కాగితానికి అంటుతుంది, అందుకని పుల్లతోనే వేయాలి. ఇలా చూసుకున్నాక మళ్లీ పట్టేయలేదు.

ఇంకో రెండు ఫిర్యాదులున్నాయి. మొదటిది, నా దగ్గరున్న మోడల్‌లో రింగుల్ని చేత్తో నొక్కి మూస్తే అవి మూసుకుంటాయి గానీ లాక్ పూర్తిగా పడదు. లివర్‌తోనే మూయాలి. అలా మూస్తే మొదట పెద్ద శబ్దం, వెంటనే ఇంకో చిన్న శబ్దం వస్తాయి. ఆ రెండోది వినిపిస్తేనే లాక్ పడినట్టు. గ్రైండర్లు మోగే షాపులో ఆ చిన్న శబ్దం ఎవరికి వినిపిస్తుంది? మా వాళ్లలో సగం మంది అలవాటుగా రింగులే నొక్కుతారు. లాక్ పడకపోతే లివర్ పక్కన ఎర్ర గీత కనబడేలా చేస్తే ఈ గొడవే ఉండదు. తయారుచేసే వాళ్లకి అది పెద్ద ఖర్చు కూడా కాదు. చిల్లులు కొట్టిన కాగితాల్ని రింగుల్లో పెట్టే బైండర్‌ని జర్మనీలోని బాన్ నగరంలో ఫ్రీడ్రిష్ జోనెకెన్ కనిపెట్టింది 1886లో. ఇన్నేళ్ల తర్వాత కూడా రింగు నిజంగా మూసుకుందో లేదో చెవులతో విని తెలుసుకోవాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

రెండోది, రింగుల మూతుల దగ్గర, అంటే రెండు సగాలు కలిసే చోట, ఇప్పుడు సన్నటి సందు కనబడుతోంది. లాక్ దాన్ని ఆపలేదు. కాగితం తిప్పుతుంటే చిల్లు అంచు అక్కడ చిక్కుకుంటోంది, పల్చటి జిరాక్స్ కాగితాలైతే మరీను. మామూలు బైండర్లలో ఇది ఇంకా త్వరగా వచ్చేది, అది నిజమే. కానీ దీని ధర వాటికి రెండింతల పైనే. ఆ ధరకి ఇది కూడా రాకూడదని అనుకున్నాను.

ఎవరు కొనాలి అంటే, నా పని వేరు, మీ పని వేరు. రోజూ తెరిచి మూసే లావుపాటి ఫైళ్లు, బండి మీద సైటుకి తిరిగే ఫైళ్లు ఉంటే డబ్బు పెట్టొచ్చు. ఇంటి పన్ను రసీదులు, పిల్లల మార్కుల జాబితాలు, ఆసుపత్రి కాగితాలు పెట్టుకోవడానికైతే మామూలుది చాలు, ట్యాగ్ ఫైలైనా చాలు. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, భీమిలి వైపు సముద్రానికి దగ్గర్లో ఉండి, నెలల తరబడి తెరవకుండా బీరువాలో పెట్టేసే ఉద్దేశమైతే లాక్ ఉన్నది నేను వద్దనే అంటాను. కదలని లాకే ముందు పట్టేస్తుంది. నాకైతే పక్కనే బాబాయ్ ఉన్నాడు కాబట్టి ధైర్యం.

డాబాగార్డెన్స్, జగదాంబ వైపు దుకాణాల్లో కొనేటప్పుడు ప్యాకింగ్ విప్పి చూపించమని అడగండి. లివర్‌తో మూసి, రింగుల మూతుల్ని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, సందులోంచి వెలుగు కనబడితే ఇంకోటి తీయమనండి. తర్వాత లివర్ నిలబెట్టి ఉంచి రెండు చేతులతో రింగుల్ని మెల్లగా విడదీయబోయి చూడండి. కాస్త కూడా కదలకూడదు. వెన్ను మీద రివెట్లు బిగువుగా ఉన్నాయో లేదో వేలితో ఆడించి చూడండి. వచ్చే జాబ్ డోసియర్‌కి నేను మళ్లీ ఇదే లాక్‌తో నాలుగు రింగులది తీసుకుంటున్నాను, ఆఫీసు రోజువారీ కాగితాలకి మాత్రం మామూలుదే.