క్రెడిట్ కార్డు బిల్లు కట్టాక లిమిట్ త్వరగా రావాలంటే: యాపా, నెఫ్టా?

"ఖాతాలో డబ్బు కట్ అయింది, యాప్‌లో పచ్చ టిక్ పడింది, కార్డులో లిమిట్ మాత్రం పాతదే చూపిస్తోంది. దేంతో కడితే మేలు?" పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, ఇదే ప్రశ్న. లక్ష లిమిట్ కార్డు మీద పొద్దున ఎనభై వేలు కట్టి, సాయంత్రం నగల కొట్లో మళ్లీ గీకాలనుకునేవాళ్లు మరి!

గడువులోగా కట్టడం వేరు, లిమిట్ తిరిగి రావడం వేరు. గడువు సంగతికి అంత కంగారు అక్కర్లేదు. డ్యూ డేట్ దాటి 3 రోజులు మించితేనే లేట్ ఫీజు వేయాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది (మించితే మాత్రం లెక్క డ్యూ డేట్ నుంచే మొదలవుతుంది). ఇక్కడ మాట్లాడేది లిమిట్ గురించే.

కార్డు ఇచ్చిన బ్యాంకులోనే సేవింగ్స్ ఖాతా ఉంటే చర్చే లేదు. వాళ్ల యాప్‌లోనే కట్టేయండి, సాధారణంగా అప్పటికప్పుడే లిమిట్ వచ్చేస్తుంది. చిక్కల్లా ఖాతా ఒకచోట, కార్డు ఇంకోచోట ఉన్నవాళ్లకే.

వాళ్లలో ఎక్కువమంది యూపీఐ యాప్‌లతోనే కడుతున్నారు. 2024 జూలై 1 నుంచి ఇలాంటి యాప్‌ల కార్డు బిల్లులు భారత్ బిల్ పే అనే బిల్లుల చెల్లింపు వ్యవస్థ మీదుగానే (ఇప్పటి పేరు భారత్ కనెక్ట్) వెళ్లాలి. మొబైల్ నంబరు, కార్డు చివరి 4 అంకెలు కొడితే బిల్లు దానంతటదే వస్తుంది కాబట్టి పొరపాటున ఇంకొకరి కార్డుకు పోతుందన్న భయం తక్కువ. మామూలు రోజున నిమిషాల్లో లిమిట్ వస్తుంది కూడా. వేగమొక్కటే చూస్తే యాపే గెలుస్తుంది.

నేను మాత్రం వేగాన్ని బట్టి ఎంచుకోను. ఇరుక్కున్న రోజున ఎవరిని పట్టుకోవాలన్నదే నాకు ముఖ్యం. యాప్ దారిలో మీ బ్యాంకు, యాప్, మధ్యలో భారత్ కనెక్ట్, ఆ చివర కార్డు బ్యాంకు, ఇన్ని చేతులు మారాలి. ఆగిందంటే యాప్ వాళ్లు "మేం పంపేశాం, బ్యాంకును అడగండి" అంటారు, బ్యాంకేమో "మాకు అందలేదు, యాప్‌ను అడగండి" అంటుంది. రసీదులోని భారత్ కనెక్ట్ లావాదేవీ నంబరుతో ఫిర్యాదు పెట్టొచ్చు. పెట్టాక ఎదురుచూడాలి.

నెఫ్ట్‌లో, అంటే మీ బ్యాంకు నుంచి కార్డు బ్యాంకుకు నేరుగా డబ్బు బదిలీ చేసే పద్ధతిలో, ఆ తిప్పలు తక్కువ. కార్డు నంబరే ఖాతా నంబరు. ఐఎఫ్ఎస్‌సీ మాత్రం మీ ఊరి బ్రాంచిది కాదు, కార్డుల విభాగానిది వేయాలి. 2019 డిసెంబర్ 16 నుంచి నెఫ్ట్ 24 గంటలూ నడుస్తోంది, బదిలీలన్నీ కలిపి అరగంటకో బ్యాచ్‌గా వెళ్తాయి. బ్యాచ్ సెటిల్ అయిన 2 గంటల్లోగా అవతలి బ్యాంకు జమ చేయాలి, లేదా తిప్పి పంపాలి. ఆలస్యం చేస్తే రెపో రేటుకు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. పైగా చేతిలో యూటీఆర్ నంబరు (ఆ బదిలీ గుర్తింపు నంబరు) ఉంటుంది. కస్టమర్ కేర్‌లో అది చదివి వినిపిస్తే "అందలేదు" అని ఊరికే తప్పించుకోవడం కష్టం.

లోపాలు లేవని కాదు. డబ్బు చేరినా కొన్ని కార్డు సంస్థలు మరుసటి పనిదినం దాకా లిమిట్‌లో చూపించవు. ఒక్క అంకె తప్పుగా కొడితే అదో తలనొప్పి. కొత్త బెనిఫిషియరీకి మొదటి రోజు ఎక్కువ మొత్తం పంపనివ్వని బ్యాంకులూ ఉన్నాయి, అందుకే అవసరం పడకముందే యాడ్ చేసి పెట్టుకోవాలి. మీ కార్డుకు ఐఎంపీఎస్ (బ్యాచ్ కోసం ఆగకుండా అప్పటికప్పుడే వెళ్లే బదిలీ) తీసుకుంటారేమో కూడా చూడండి. తీసుకుంటే నెఫ్ట్ కంటే అదే నయం.

ఏ దారిలో కట్టినా, ఖాతాలో కట్ అయినట్టు వచ్చే మెసేజీని, యాప్‌లో పచ్చ టిక్‌ను చూసి కొట్టుకు బయల్దేరకండి. కార్డు బ్యాంకు నుంచి "పేమెంట్ అందింది" అని మెసేజ్ రావాలి. అదొచ్చాక కూడా కార్డు యాప్ తెరిచి అవైలబుల్ లిమిట్ ఓసారి చూసుకోండి. ఈఎంఐలోకి మార్చిన కొనుగోళ్లు, హోటల్ వాళ్లు పట్టి ఉంచిన మొత్తం లిమిట్‌ను తింటూనే ఉంటాయి. ఆ తేడాను చూసి కట్టిన డబ్బే రాలేదనుకునేవాళ్లు చాలామంది.

ఆటో డెబిట్ గడువు మర్చిపోయేవాళ్లకు మంచిదే. వేరే బ్యాంకు ఖాతా నుంచైతే మాత్రం అది బౌన్స్ కాలేదని తేలేదాకా లిమిట్ ఆపి ఉంచడం మామూలే. చెక్కు ఇందుకు పనికిరాదు. బ్రాంచిలో నగదు కడితే చాలా బ్యాంకులు అదనంగా ఛార్జీ వేస్తాయి.