ఫ్లోరిడా లైవ్ రాక్ కొనొచ్చా? కొనొచ్చు, కానీ మొత్తం అదే కొనకండి

లైవ్ రాక్ అంటే సముద్రం అడుగున ఉండి బ్యాక్టీరియా, చిన్న చిన్న ప్రాణులు పట్టిన రాయి, ఉప్పునీళ్ల చేపల ట్యాంకులో పెట్టుకునేది. నేను ఫ్లోరిడా నుంచి తెప్పించిన రాయికి ఐదుకి నాలుగున్నర స్టార్లు. ప్యాకింగ్‌కి రెండు. షిప్పింగ్ చార్జీ చూశాక స్టార్లు ఇచ్చే ఓపిక పోయింది. డాలస్ చుట్టుపక్కల ఉండి, తక్కువ ఖర్చులో ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టాలని చూసేవాళ్ల కోసం ఇది. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. తిట్లు కూడా ఉన్నాయి, వాళ్లది చూస్తే చిన్న వ్యాపారం.

ట్యాంకు 20 గ్యాలన్ల లాంగ్. 30 అంగుళాల పొడవు, 12 అంగుళాల ఎత్తు. ఎవరో ఇల్లు మారుతూ స్టాండుతో సహా 40 డాలర్లకు అమ్మేశారు. గాజు గాజే, పాతదైతే ఏం? లీకు లేకపోతే చాలు. హీటరు మాత్రం కొత్తది కొన్నాను, అక్కడ కక్కుర్తి పడకూడదు. నీళ్లు కదలడానికి ఒక చిన్న పంపు, మామూలు ఎల్‌ఈడీ లైటు. పగడాలు పెట్టే ఆలోచన లేదు కాబట్టి వందల డాలర్ల లైటు అక్కర్లేదు. నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ డీఐ మెషీన్ కూడా కొనలేదు. గ్రోసరీ దగ్గర నీళ్ల మెషీన్‌లో గ్యాలన్ పావు డాలర్, అర డాలర్ లెక్కన పట్టుకొస్తాను. కుళాయి నీళ్లు మాత్రం పోయకండి, క్లోరమీన్, ఫాస్ఫేట్ రెండూ తలనొప్పే. ఉప్పు ఇన్‌స్టంట్ ఓషన్, గ్యాలన్‌కి దాదాపు అరకప్పు. అంతకంటే ఖరీదైన ఉప్పు వల్ల రెండు క్లౌన్ చేపలకు ఒరిగేదేమీ లేదు.

ఇలా అన్నిచోట్లా మిగిల్చిన డబ్బు రాయి మీద పెట్టాను. పది పౌండ్ల లైవ్ రాక్ ఎనభై డాలర్లు, అది ఇంటికి చేరడానికి ఇంకో డెబ్బై.

మాది భీమవరం వైపు. ఇంట్లో రొయ్యల చెరువులు ఉండేవి కాబట్టి పీపీటీ (సెలైనిటీ, అంటే నీళ్లలో ఉప్పదనం, కొలిచే లెక్క), అమ్మోనియా, ఆల్కలినిటీ లాంటి మాటలు వింటూనే పెరిగాను. వీడియో కాల్‌లో ట్యాంకు చూపిస్తే నాన్న మొదట అడిగింది "సెలైనిటీ ఎంత పెట్టావురా?" అని. ముప్పై అయిదు అన్నాను. "ఏరేషన్ సరిపోతుందా?" అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. రాళ్లకు నూటయాభై డాలర్లు అనగానే మనసులో రూపాయల్లోకి మార్చేసుకుని, "పన్నెండు వేలు పైన పెట్టి రాళ్లు కొన్నావా! ఒరేయ్, రాళ్లురా అవి!" అని అమ్మను కేకేశారు.

నాన్న మాటలో న్యాయం ఉంది కానీ, ఈ పద్ధతిలో ఫిల్టరంటే రాయే. చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. వాటికి కాపురం ఉండటానికి గుల్ల రాయి కావాలి. రాయి లోపల ఆక్సిజన్ అందని చోట ఉండే బ్యాక్టీరియా నైట్రేట్‌ను కూడా కొంత నైట్రోజన్ వాయువు చేసి వదిలేస్తాయి. ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన 1960ల మొదట్లోనే పెద్ద ఫిల్టర్లేవీ లేకుండా, ఇలాంటి రాయి, కొంచెం గాలి బుడగలతో ట్యాంకులు నడిపి చూపించారు. తక్కువ ఖర్చులో చేసే మనలాంటి వాళ్లందరం ఇప్పటికీ ఆయన దారిలోనే నడుస్తున్నాం.

ఈ ఫ్లోరిడా రాయి సముద్రంలో దొరికింది కాదు. అక్కడ సహజంగా ఉన్న రాళ్లు తీయడం 1990లలోనే ఆపేశారు. ఇప్పుడు సముద్రగర్భాన్ని లీజుకు తీసుకుని, క్వారీ సున్నపురాయి పడవల్లో తీసుకెళ్లి దించి, బాగా జీవం పట్టేదాకా వదిలేసి, తర్వాత పైకి తీసి అమ్ముతారు. చెరువు లీజు తెలిసినవాడికి ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. నాకు నచ్చని సంగతి, క్వారీ రాయి బరువెక్కువ. ఒకప్పుడు ఫిజీ నుంచి వచ్చిన రాయి తేలిక. 2017 చివర్లో ఆ దేశం ఎగుమతి ఆపేసింది. పౌండ్ల లెక్కన అమ్మే సరుకు బరువుగా ఉంటే నష్టం ఎవరికో చెప్పక్కర్లేదు. పది పౌండ్లంటే నాకు వచ్చినవి నాలుగే నాలుగు రాళ్లు.

పెట్టె విప్పితే తడి న్యూస్‌పేపర్, దాని లోపల ప్లాస్టిక్ సంచి. ఒక మూల చిరిగి నీళ్లు కారి అట్ట మెత్తబడిపోయింది. ఒకరోజు ఆలస్యంగా వచ్చింది కూడా. వాసనంటారా, రేవులో పడవలు దిగే చోట మధ్యాహ్నం పూట వచ్చేదే. మా ఆవిడ కిటికీలన్నీ తెరిచేసింది. కానీ అందులో పెద్ద రాయిని ఉప్పునీళ్ల బకెట్‌లో ఒకసారి ముంచి పట్టుకుంటే చిక్కటి ఊదారంగు పొర, ఒక పక్క అరటిపండు రంగు స్పాంజి, సందుల్లో తీరిగ్గా బయటికొస్తున్న ఈకల పురుగులు. ఒక్కోటి గోరంత కూడా లేదు. వేలు దగ్గరకు తెస్తే చటుక్కున లోపలికి లాగేసుకుంటుంది, కాసేపటికి మళ్లీ మెల్లగా విప్పుకుంటుంది. మా అబ్బాయి ఆ సాయంత్రమంతా ఇదే పని.

దారిలో కొంత జీవం చచ్చిపోతుంది, తప్పదు. అది కుళ్లినప్పుడు అమ్మోనియా లేస్తుంది. టెస్ట్ కిట్‌లో పసుపు ఉండాల్సిన నీళ్లు ముదురాకుపచ్చకు వెళ్లాయి. టెన్షన్ పడకండి, ఆ సమయంలో ట్యాంకులో చేప లేకపోతే చాలు. తెల్లగా మెత్తబడిన స్పాంజిని పాత టూత్‌బ్రష్‌తో గీకేసి, కొంత నీళ్లు మార్చి ఆగాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి అక్కడే నిలబడ్డాకే చేపలు. రాయితోనే బ్యాక్టీరియా వస్తాయి కాబట్టి ఇది జీవం లేని ఎండు రాయితో మొదలుపెట్టిన ట్యాంకు కంటే చాలా త్వరగా అయిపోతుంది.

పిలవని చుట్టాలు కూడా వస్తారు. రాత్రి లైటార్పాక గాజు మీద గోటితో కొట్టినట్టు టక్, టక్ మంటే మాంటిస్ రొయ్య ఉన్నట్టే. నాకు అది రాలేదు, ఒళ్లంతా నూగు, డెక్కల కొసలు నల్లగా ఉన్న పీత ఒకటి వచ్చింది. చిన్న గాజు గ్లాసులో రొయ్య ముక్క వేసి, రాయికి ఆనించి ఏటవాలుగా పెడితే రాత్రికి లోపలికి దిగింది, జారుడు గాజు ఎక్కలేక పొద్దున దొరికింది. చిన్న తాటిచెట్టులా ఉండే ఐప్టేసియా (ఒక రకం సీ అనిమోన్) కనిపిస్తే ఒకటి ఉన్నప్పుడే పని పట్టండి. తుంచితే మిగిలిన ముక్క నుంచి మళ్లీ పెరుగుతుంది, దానికంటూ అమ్మే మందు సిరంజీతో దాని నోట్లో పెట్టాలి. ముళ్ల పురుగులను చూసి భయపడక్కర్లేదు, అవి పాకీపని చేసేవే. ఒట్టి చేత్తో మాత్రం ముట్టుకోకండి.

ఇక కొనేవాళ్లకు నా మాట: అడుగున ఎండు రాయి పెట్టండి, అది పౌండ్ మూడు నాలుగు డాలర్లకే దొరుకుతుంది, పురుగూ పుట్రా రాదు. పైన మూడో వంతు లైవ్ రాక్ పెట్టినా కింద రాయికి మెల్లగా అన్నీ పాకుతాయి. మొత్తం లైవ్ రాకే కొంటే మిగతాచోట్ల మిగిల్చిందంతా ఇక్కడే పోతుంది. మీ ఊళ్లో షాపు ట్యాంకులో నీళ్లలో ఉన్న రాయి దొరికితే, పౌండ్‌కి ఒకటి రెండు డాలర్లు ఎక్కువైనా అదే కొనండి. షిప్పింగ్ మిగులుతుంది, కుళ్లు తక్కువ.

ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదివి రామేశ్వరం నుంచి పగడపు రాళ్లు తెప్పించుకోవద్దు. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, చచ్చిన పగడం ముక్క దగ్గర పెట్టుకున్నా కేసే. అక్కడ గుల్ల సిరామిక్ రాయి, సీసాలో బ్యాక్టీరియా, కాస్త ఎక్కువ ఓపిక.

టెక్సస్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆర్డరు పెట్టకండి, వ్యానులో ఉడికి వస్తుంది. నీళ్లలో ముంచి పంపే ప్యాకింగ్ ఉందేమో ముందే అడగండి. ఉంటే, డబ్బు ఎక్కువైనా, ఈ మొత్తం బేరంలో ఖర్చు పెట్టాల్సిన చోటు అదే.