పర్లాకిమిడి పసిపిల్లల చేతికి స్టోరీవీవర్ పుస్తకాలు: ఏడాది వాడాక

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో తెలుగు ఇంటి భాష, ఒడియా బడి భాష. మా వీధిలో అంగన్‌వాడీకి వెళ్లే మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలకు తెలుగు అక్షరం కంటపడేది గోడ మీది క్యాలెండరులోనే, అదీ సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం కొట్టువాళ్లు ఇచ్చినదైతేనే. బడి ఉద్యోగం నుంచి విరమించాక, ఈ పిల్లల్లో 14 మందికి నెలకొక తెలుగు పుస్తకం ఉచితంగా, తిరిగి ఇవ్వనక్కరలేకుండా ఇవ్వాలని పూనుకున్నాను. అందుకు నేను ఏడాదిగా ఆధారపడుతున్నది బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు మీద.

నెలకొక పుస్తకం అన్న ఆలోచన నాది కాదు. అమెరికాలో డాలీ పార్టన్ అనే గాయని 1995లో టెనెసీ రాష్ట్రంలోని తన సొంత ప్రాంతమైన సెవియర్ కౌంటీలో, పుట్టిన బిడ్డకు ఐదేళ్లు నిండేదాకా నెలనెలా ఒక పుస్తకం పోస్టులో పంపే పథకం మొదలుపెట్టింది. చదవడం, రాయడం రాని తన తండ్రిని చూసి తనకు ఆ తలంపు కలిగిందని ఆమే చెప్పుకుంది. బిడ్డ పేరు మీద ఇంటికే రావడం, వచ్చిన పుస్తకం ఆ ఇంట్లోనే ఉండిపోవడం ఆ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతులు. ఆ పోస్టు మన ఊళ్లకు రాదు కాబట్టి, పుస్తకం సంపాదించే దారి మనమే వెతుక్కోవాలి.

స్టోరీవీవర్ ఆ దారి చూపుతుంది. అందులోని కథలను ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు, దింపుకోవచ్చు, అచ్చు వేయించి పంచవచ్చు, మరో భాషలోకి అనువదించవచ్చు. రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు మాత్రం తీసివేయకూడదు. కథలను చదివే స్థాయిని బట్టి విడదీసి పెట్టారు. మొదటి స్థాయి కథలో 250 మాటలకు మించి ఉండవు, మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి, పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. మూడేళ్లవాళ్లకు అదీ ఎక్కువే అనిపిస్తే అసలు మాటలే లేని బొమ్మల కథలు కూడా ఉన్నాయి. వాటిని చదివించేటప్పుడు కథ చెప్పవలసినది బిడ్డే కాబట్టి, చదువు రాని అమ్మలు కూడా వెనుకాడకుండా పక్కన కూర్చున్నారు.

మా సరిహద్దు ఊళ్లకు దీనివల్ల ఇంకొక మేలు ఉంది. ఒకే కథ, అవే బొమ్మలతో తెలుగులోనూ ఒడియాలోనూ దొరకడం తరచుగా జరుగుతుంది. మా ఎదురింటి నాలుగేళ్ల పాపకు అలాంటి కథ ఒకటి రెండు భాషల్లోనూ అచ్చు వేయించి ఇచ్చాను. రెండు పుస్తకాలనూ గచ్చు మీద పక్కపక్కన పరిచి, ఒకదానిలోని చేప మీద వేలు పెట్టి "చేప" అంది, రెండోదాని మీద వేలు పెట్టి "మాఛొ" అంది. ఆ తరువాత వేలును బొమ్మ మీద నుంచి కింద ఉన్న అక్షరాల మీదికి జరిపి, "మామ్మా, ఇక్కడ కూడా చేపేనా?" అని అడిగింది. అక్షరం మాటను మోస్తుందని ఆ బిడ్డకు తెలిసిన క్షణం అది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా, ఆ క్షణాన్ని నేను అంత దగ్గరగా చూసింది లేదు.

కొండవైపు పల్లెల సవర పిల్లల కోసం సవర భాషలోని కథలు కూడా ఇందులో ఉన్నాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బళ్లు పెట్టించారు. ఆ ఊళ్లోనే కూర్చుని సవర కథ ఒకటి తెర మీద తెరిచినప్పుడు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

వాడదలచినవారు ముందుగా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కథలు ఉచితం, కాగితం ఉచితం కాదు. రంగుల్లో పేజీకి 10 రూపాయల చొప్పున 12 పేజీల పుస్తకానికి నాకు 120 రూపాయలు అయింది. కాగితానికి రెండేసి పేజీలు సర్దించాక అది 60కి తగ్గింది. మొదటి నెల ఒక జిరాక్సు షాపులో పేజీల వరుస తప్పించి కుట్టి ఇచ్చారు, నేను చూసుకోకుండా పంచాను. కథ మధ్యలో నిద్రపోయిన ఏనుగు తరువాతి పేజీలో అన్నం తింటూ కనిపించేసరికి పిల్లలు తికమకపడ్డారు. ఒక్క ప్రతి తీయించి, పేజీలు తిప్పి చూసుకున్నాకే మిగతావి వేయించండి. ఫోను తెర మీద చూపిస్తే చాలదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. నా అనుభవంలో చాలదు. బిడ్డ దానిని దిండు కింద పెట్టుకోలేదు, తమ్ముడికి చూపించడానికి ఎత్తుకుపోలేదు.

అనువాదాలు చేసినవారు అనేకులు కాబట్టి అన్ని కథల తెలుగూ ఒక్క తీరుగా ఉండదు. పంచే ముందు పైకి చదివి చూసుకోవడం మంచిది. అచ్చులో "పక్షి" అని ఉన్నచోట నేను "పిట్ట" అనే చదువుతాను, ఎందుకంటే మా పిల్లలు ఎగిరేదాన్ని పిలిచే పేరు అదే.

ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలవారికి నేను దీనిని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. అచ్చు వేయించేటప్పుడు అట్ట లోపలివైపు బిడ్డ పేరు రాయడానికి చోటు వదలమని షాపులో చెప్పండి. మా పిల్లలు పుస్తకం చేతికి రాగానే ముందు తెరిచేది ఆ పేజీయే.