కిరాణా కొట్టులో సీసీ కెమెరాలు: ఆరేళ్ల వాడకం తర్వాత

సెట్ ఇది: 2 మెగాపిక్సెల్ హెచ్‌డీ అనలాగ్ కెమెరాలు నాలుగు (లోపల గుండ్రటి డోమ్‌లు రెండు, బయట గొట్టంలాంటి బుల్లెట్లు రెండు), నాలుగు చానళ్ల డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె), 3+1 కేబుల్ (బొమ్మకు ఒక తీగ, కరెంటుకు మూడు సన్న తీగలు), 12 వోల్టుల 5 ఆంప్స్ ఎస్‌ఎంపీఎస్ (కెమెరాలకు కరెంటిచ్చే డబ్బా). కొట్టు వెడల్పు ఇరవై అడుగులు, వెనక చిన్న గోడౌను. ఆరేళ్లలో హార్డ్‌డిస్క్ ఒకసారి, ఎస్‌ఎంపీఎస్ రెండుసార్లు మారాయి. కెమెరాలు మాత్రం అవే. ఇవి దొంగతనాన్ని ఆపుతాయా అంటే, ఏ దొంగని అని ఎదురు అడగాలి. పగలు చేతివాటం చూపేవాడు వెనక్కి తగ్గుతాడు. రాత్రి షట్టర్ లేపేవాడు కెమెరా ఉందని తెలిసే, ముఖానికి గుడ్డ కట్టుకుని మరీ వస్తాడు.

పగటి పనికి కెమెరాల కంటే మానిటరే ఎక్కువ అక్కరకొచ్చింది. మొదట్లో అది గల్లా కింద, లోపలివాళ్లకే కనిపించేలా ఉండేది. దాన్ని కొనేవాళ్ల వైపు తిప్పాక జీడిపప్పు, నెయ్యి, తలనూనె అరల్లో నెలాఖరు సరుకు తేడా బాగా తగ్గింది. పైన నల్లటి గుండు ఉందో లేదో ఎవరూ తలెత్తి చూడరు. ఎదురుగా తెర మీద తన చెయ్యి తనకే కనిపిస్తే మాత్రం ఎవడైనా ఆగుతాడు. ఖరీదైన సరుకు అరల్ని ఆ తెర పక్కకే జరపాలి. డమ్మీ కెమెరాలు దండగ. వాటి గుట్టు పనివాళ్లకు వారంలో తెలుస్తుంది, మరో వారంలో వీధికంతా తెలుస్తుంది.

గల్లా మీది కెమెరా పెట్టిన డబ్బు ఎప్పుడో రాబట్టింది. అదీ దొంగల వల్ల కాదు, చిల్లర తగాదాల వల్ల. "ఐదొందలిచ్చాను", "కాదండీ, రెండొందలే" అన్న మాట వచ్చినప్పుడు అరనిమిషంలో తేలిపోతుంది. కెమెరా బల్లకు సరిగ్గా పైన, ఏడెనిమిది అడుగుల ఎత్తులో, నిట్టనిలువుగా కిందికి చూడాలి. పక్కనుంచి చూస్తే నోటు చేతి చాటున పడుతుంది. పసుపుపచ్చ రెండొందలు, బూడిదరంగు ఐదొందలు రంగుతోనే తెలుస్తాయి. కరెంటు పోయి వెలుతురు తగ్గితే కెమెరా నలుపు తెలుపులోకి మారుతుంది, అప్పుడు ఏ నోటు ఏదో చెప్పలేం. అందుకని బల్ల మీది బల్బు ఇన్వర్టర్ లైనులోనే ఉండాలి. ఫోన్లో దొంగ పేమెంటు తెర చూపించి పోయేవాళ్ల దగ్గర ఈ కెమెరా ఎందుకూ పనికిరాదు. దానికి సౌండ్ బాక్స్ మోగేదాకా సరుకు చేతికివ్వకపోవడమే మందు.

ముఖం పట్టాలంటే కాస్త లెక్క ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషిని బొమ్మలో గుర్తుపట్టడానికి ఐరోపా ప్రమాణం చెప్పేది మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు. 2 మెగాపిక్సెల్ బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్లు. అంటే కెమెరా చూసే వెడల్పు ఏడున్నర మీటర్లు దాటకూడదు. 2.8 ఎంఎం లెన్స్ మూడు మీటర్ల దూరంలోనే అంత వెడల్పు చూసేస్తుంది. ఆ తర్వాత దొరికేది మనిషే గానీ మొహం కాదు. బిగించేవాళ్లు "మొత్తం కవరైపోతుంది సార్" అంటూ అన్నిచోట్లా 2.8 పెట్టి పోతారు. గుమ్మానికి 6 ఎంఎం అడగండి, ఎనిమిది మీటర్ల దాకా మొహం వస్తుంది. ఎత్తు ఏడు, ఏడున్నర అడుగులు చాలు. పది అడుగుల్లో పెడితే టోపీలూ బట్టతలలూ రికార్డవుతాయి. గుమ్మం బయట ఎండ కాస్తుంటే లోపలికొచ్చే మనిషి నల్లటి నీడలా పడతాడు, దానికి 120 డీబీ నిజమైన డబ్ల్యూడీఆర్ (వెలుగునీ నీడనీ ఒకే బొమ్మలో తేటగా చూపే ఏర్పాటు) కావాలి. డీడబ్ల్యూడీఆర్ అని డబ్బా మీద రాసి ఉంటే అది సాఫ్ట్‌వేర్ సర్దుబాటు మాత్రమే.

రాత్రి సంగతి వేరు. షట్టర్ లేపి లోపలికొచ్చిన దొంగలు గల్లాతోపాటు డీవీఆర్ కూడా పట్టుకుపోవడం మామూలే. అందుకని డీవీఆర్‌ను గోడౌను అటక మీద, గాలాడే ఇనుప పెట్టెలో తాళం వేసి పెట్టాలి. పాడైపోయిన పాత డీవీఆర్ ఒకటి దొరికితే గల్లా కింద పెట్టండి, పట్టుకుపోతే అదే పోతుంది. బయట మెమరీ కార్డున్న వైఫై కెమెరా ఒకటి విడిగా ఉంటే మంచిది. నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2019లో వచ్చింది. కెమెరాలున్న చోట నేరాలు 13 శాతం తగ్గాయనీ, ఎక్కువ ఫలితం కార్ పార్కింగుల్లోననీ, హింసాత్మక నేరాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదనీ తేల్చింది. ఎవరైనా తెర చూస్తూ కూర్చున్నచోట, లైట్ల వంటివి తోడైనచోట ఫలితం మెరుగ్గా ఉంది. కొట్టుకు అన్వయించుకుంటే సెంటర్ లాక్, షట్టర్‌కు మాగ్నెటిక్ సెన్సర్, సైరన్, తెల్లార్లూ వెలిగే బల్బు ముందు, కెమెరా తర్వాత.

ఇక రిపేర్లు. పగలు శుభ్రంగా వచ్చే బొమ్మ చీకటి పడగానే వణికి, గీతలొచ్చి, పోతుంటే మెకానిక్ కెమెరా మార్చమంటాడు. మార్చకండి. రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి కెమెరాలోనే ఉండేవి) వెలిగితే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. 3+1 కేబుల్లోని సన్న తీగల్లో పాతిక మీటర్లు వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. చీకటి పడ్డాక కెమెరా దగ్గరి డీసీ పిన్నులో మల్టీమీటర్ పెట్టి చూడండి. 11 కంటే తక్కువ చూపిస్తే ఆ కెమెరాకు దగ్గర్లోనే వేరే అడాప్టర్ ఇవ్వాలి. వానాకాలంలో ఐఆర్ వెలుగుకు పురుగులు, పురుగులకోసం సాలెపురుగులు చేరతాయి. గూడు లెన్సుకు అడ్డంపడితే బొమ్మంతా తెల్లటి పొగ, ఫోనుకు రాత్రంతా అలర్టులు. పొడి బట్టతో పదిహేను రోజులకోసారి తుడవాల్సిందే.

హార్డ్‌డిస్క్ లెక్క: రికార్డింగు వేగం కెమెరాకు 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) పెడితే రోజుకు 21.6 జీబీ, నాలుగింటికి 86. అమ్మేవాళ్లు ఇచ్చే 1 టీబీలో పదకొండు రోజులే ఉంటుంది. సరుకు తేడా బయటపడేది నెలాఖరున, అప్పటికి మొదటి వారాలు చెరిగిపోయి ఉంటాయి. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల ఫుటేజీ ఉంచాలని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతోంది. చిన్న కొట్టుకైనా అదే కొలత పెట్టుకోండి: 4 టీబీ, అదీ సర్వైలెన్స్ రకం. కంప్యూటర్లో వాడే మామూలు డిస్క్ రాత్రింబవళ్లు రాసే పనికి నిలబడదు.

ఏదైనా జరిగితే అదే రోజు, జరిగిన సమయానికి ముందూ వెనకా అరగంట కలిపి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. డీవీఆర్ గడియారానికీ ఫోను గడియారానికీ ఎన్ని నిమిషాల తేడా ఉందో కాగితం మీద రాసుకోండి. లోపలి బటన్ బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కెళ్లిపోతుంది, అలాంటి ఫుటేజీని వకీలు ఇట్టే కొట్టిపారేస్తాడు. తెర మీది వీడియోను ఫోన్లో షూట్ చేసి వాట్సాప్‌లో పంపితే వీధిలో ఆరా తీయడానికి సరిపోతుంది, కోర్టుకు సరిపోదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం కాపీతోపాటు సర్టిఫికెట్ కావాలి, అందులో హాష్ విలువ (ఫైలును మార్చలేదని చూపే గుర్తు సంఖ్య) రాయాలి.

నెలకోసారి లైవ్ కాకుండా ప్లేబ్యాక్ తెరిచి, వారం కిందటి రాత్రి రెండు గంటల రికార్డింగు నాలుగు కెమెరాల్లోనూ ఉందో లేదో చూసుకోండి. డిస్క్ పోయినా లైవ్ బొమ్మ చక్కగానే వస్తుంటుంది. ఇక్కడ మారిన డిస్క్ కూడా అలాగే, ప్లేబ్యాక్ తెరిచాకే పోయిందని తెలిసింది.