మా కాలనీ శుక్రవారం అంగడి: కూరల తూకమూ కబుర్ల లెక్కా

హైదరాబాద్‌లో కూకట్‌పల్లికీ మూసాపేటకీ మధ్యనున్న మా పాత కాలనీలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక అంగడి కూర్చుంటుంది. హనుమంతుడి గుడి దగ్గర మొదలై నాలా మీది చిన్న వంతెన వరకు, సుమారు అర కిలోమీటరు పొడవున, రోడ్డుకు రెండు పక్కలా పట్టాలు పరుచుకుంటాయి. మధ్యాహ్నం మూడింటికి ట్రాలీ ఆటోలు వచ్చి బస్తాలు దింపుతాయి, నాలుగున్నరకు కరెంటు స్తంభాల మధ్య తాళ్లు కట్టి బల్బులు వేలాడదీస్తారు, ఆరు దాటితే అడుగు తీసి అడుగు వేయడానికి చోటుండదు. పదకొండేళ్లుగా దాదాపు ప్రతి వారం ఇక్కడే కూరలు కొంటున్నవాడిగా, ఈ చుట్టుపక్కలకు కొత్తగా అద్దెకు వచ్చినవారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఇక్కడ అమ్మేవాళ్లలో ఎక్కువమంది రైతులు కారు. వీరు సోమవారం ఒక కాలనీ, మంగళవారం ఇంకొక కాలనీ అంటూ వారమంతా నగరంలో తిరిగే చిల్లర వ్యాపారులు. తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌లో టోకున కొన్న సరుకును సాయంత్రం మన గుమ్మం ముందుకు తెస్తారు. రైతు నేరుగా అమ్మే చోటు కావాలంటే 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతుబజార్లు ఉన్నాయి. ఎర్రగడ్డలోనో, కేపీహెచ్‌బీలోనో ఉన్నదానికి వెళితే ఆనాటి ధరలు గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటాయి, టోకు ధర కంటే కాస్త ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే తక్కువగా ఉండేలా వాటిని ముందే నిర్ణయిస్తారు. అంగడిలో బోర్డూ లేదు, నిర్ణయించే అధికారీ లేడు, ఒకే బెండకాయ గుడి దగ్గర ఒక ధరకు, వంతెన దగ్గర మరో ధరకు దొరుకుతుంది. కాబట్టి కొత్తవారు మొదటి దుకాణం దగ్గరే సంచీ నింపుకోకుండా, చివరి వరకు ఒకసారి నడిచి వచ్చి అప్పుడు కొనడం మొదలుపెట్టాలని నా సలహా.

సరుకు సంగతికి వస్తే, ఈ అంగడికి పేరు తెచ్చేవి ఆకుకూరలు. రైతులు కారని పైన అన్నానుగానీ, ఆకుకూరల వరుసలో మాత్రం శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నుంచి సొంత మడిలో కోసుకొచ్చిన ముగ్గురు నలుగురు ఆడవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను గుర్తుపట్టడం సులభం: వాళ్ల దగ్గర రెండు మూడు రకాలకు మించి ఉండవు, కట్టలు ఒక్క సైజులో ఉండవు, వేళ్లకు ఇంకా మట్టి అంటుకొని ఉంటుంది. పాలకూర, మెంతి, చుక్కకూర ఎక్కడైనా దొరుకుతాయి కానీ, వానలు పడ్డాక వచ్చే గంగవాయిలి కూర, ఎండలు ముదిరే ముందు వచ్చే చింతచిగురు ఇక్కడ దొరికినంత లేతగా సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో నాకు ఎన్నడూ కనిపించలేదు. వంకాయ, బీర, దోస కూడా బాగుంటాయి. పండ్లు మాత్రం కొనవద్దు. పైవరుసలో మెరుస్తున్న జామకాయల కింద ఏముంటుందో రెండుసార్లు డబ్బిచ్చి నేర్చుకున్నాను.

వేళ చూసుకోవడం ముఖ్యం. అయిదింటికి వెళితే సరుకు ఏరుకోవచ్చుగానీ బేరం సాగదు. రాత్రి తొమ్మిది దాటాక వెళితే ఆకుకూరల కట్టలు పదిరూపాయలకు మూడు కాస్తా అయిదవుతాయిగానీ అవి అప్పటికే వాడిపోయి ఉంటాయి. ఏడు, ఏడున్నర మధ్య వెళ్లడం మేలు, అప్పటికి అమ్మేవాళ్లకు పెట్టుబడి చేతికొచ్చి ఉంటుంది కనుక కొసరు అడిగితే విసుక్కోరు. కొత్తిమీర, కరివేపాకు విడిగా కొనేవాడిని ఇక్కడ కొంచెం జాలిగా చూస్తారని కూడా చెప్పాలి. అవి కొసరులో భాగమన్నది ఈ అంగడి రాయని చట్టం.

కొత్తగా వచ్చేవారికి, ముఖ్యంగా గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలకు, ఇంకొక పాఠం కూడా ఉంది. అమ్మేవాళ్ల భాషలో గోంగూర పుంటికూర, గోరుచిక్కుడు గోకరకాయ, బంగాళాదుంప ఆలుగడ్డ అవుతాయి. వీటితో పెద్ద చిక్కు లేదు, వేలుపెట్టి చూపిస్తే సరిపోతుంది. చిక్కంతా కందతోనే. మా పై అంతస్తులోకి కొత్తగా వచ్చిన భీమవరం దంపతులు కంద బచ్చలి కూర వండుకుందామని ఫోన్లో చెప్పి, అంగడికి వెళ్లిన మా వాచ్‌మన్‌ను కిలో కంద తెమ్మన్నారు. అతను నిజాయతీగా కిలో కందగడ్డ, అంటే ఆ దంపతుల భాషలో చిలగడదుంప, తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ రాత్రి వాటిని ఉడకబెట్టి మెట్ల మీద కూర్చుని మూడు కుటుంబాలం తిన్నాం. అప్పటిదాకా లిఫ్టులో తల ఊపుకోవడమే తప్ప ఒకరి పేరొకరికి తెలియదు. ఆ తరువాత వారం నుంచి ఆవిడే స్వయంగా అంగడికి వస్తున్నారు, ఇప్పుడు ఆమె నోట పుంటికూర, అమ్మే అక్క నోట గోంగూర వినబడుతున్నాయి.

ఈ సమీక్షలో నేను ఎక్కువ మార్కులు వేసేది కూరలకు కాదు, కాలనీ సమాచారానికి. మా అసోసియేషన్‌కు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అందులో శుభోదయాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎవరి కారు ఎవరి గేటుకు అడ్డంగా ఉందన్న తగాదాలు తప్ప కావలసిన వార్త వేళకు రాదు. అంగడిలో అలా కాదు. ఏ గల్లీలో మంచినీటి పైపు పగిలిందో, రేపు నీళ్లు వస్తాయో రావో, ఏ అపార్టుమెంటులో రెండు గదుల వాటా ఖాళీ అవుతుందో, వంటకు మనిషి కావాలని ఎవరు వెతుకుతున్నారో, కుక్క కరిచిన పిల్లవాడికి సూది ఏ దవాఖానాలో వేశారో, ఇవన్నీ ఒకే చోట, ఒకే గంటలో తెలుస్తాయి. కారణం ఆలోచిస్తే సులభంగానే అర్థమవుతుంది: ఒక గల్లీవాళ్లకు ఇంకో గల్లీవాళ్లతో పనిలేని ఈ నగరంలో, అందరి గల్లీలవాళ్లూ వారానికోసారి వచ్చి నిలబడేది ఆ ఉల్లిగడ్డల గుట్ట ముందే. అమ్మే మనిషి ఒక గిరాకీ చెప్పిన మాట తరువాతి గిరాకీకి, తూకం వేస్తూనే, అందిస్తుంది.

గోకరకాయలు, వంకాయలు అమ్మే ఒక పెద్దమ్మ దీనికి తిరుగులేని ఉదాహరణ. రెండు వారాలు నేను ఊళ్లో లేక మూడో వారం వెళ్లినప్పుడు, "ఏం సారూ, పానం బాగలేదా? మీ బిల్డింగుల సారు ఒకాయన పడ్డడంటే మీరేనేమో అనుకున్న" అంది. పడింది నేను కాదు, మా పక్క వాటా ఆయన. గోడకు గోడ ఆనుకొని ఉంటూ నాకు తెలియని సంగతి, పదిహేను కిలోమీటర్ల అవతల ఉండే ఆమెకు తెలుసు. ఆ సాయంత్రమే వెళ్లి ఆయనను పలకరించి వచ్చాను. అయితే వార్తతోపాటు పుకారూ ఇక్కడే పుడుతుందని ఒప్పుకోవాలి. నాలా పక్క ఇళ్లకు కూల్చివేత నోటీసులు వచ్చాయని నిరుడు ఇక్కడ రేగిన మాట వట్టిదని తేలే లోపల రెండు కుటుంబాలు సామాను సర్దుకోవడం మొదలుపెట్టాయి.

పండుగ ముందరి శుక్రవారాలు వేరే లెక్క. వినాయక చవితికి ముందు పత్రి కట్టలు, సంక్రాంతికి రేగుపళ్లు, ఉగాదికి వేపపువ్వు, మామిడికాయ ఎక్కడైనా ఉంటాయి. కానీ బతుకమ్మ రోజుల్లో ఈ రోడ్డును చూడాలి. కూరల పట్టాలు సగం తప్పుకొని తంగేడు, గునుగు, బంతి, సీతజడ పూల రాశులకు చోటిస్తాయి. గునుగును రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కట్టలు ఒకవైపు, తెల్లగా అలాగే ఉంచినవి మరొకవైపు పెడతారు. అయిదో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్లలు ఇక్కడే తంగేడు పువ్వును మొదటిసారి చేత్తో పట్టుకుంటారు. ఆ వారం మాత్రం బేరమాడకండి, ఆ పూలు ఏరడానికి వాళ్లు ఎంత దూరం వెళ్లి వచ్చారో అడిగితే మీకే తెలుస్తుంది.

ఇక లోపాలు. మొదటిది తూకం. ఒక వారం కిలో అని ఇచ్చిన టమాటాలు ఇంటి తక్కెడలో 850 గ్రాములు తూగాయి. మరుసటి వారం అదే మనిషిని అడిగితే కాటా పాతదన్నాడే తప్ప తగ్గిన టమాటాలు ఇవ్వలేదు. వ్యాపారానికి వాడే ఎలక్ట్రానిక్ కాటాను ఏటా తూనికలు కొలతల శాఖతో తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర ఎక్కడుందని అడగడం మన హక్కు. నేను అడగడం మొదలుపెట్టాక ఇద్దరు చూపించారు, ముగ్గురు నవ్వి ఊరుకున్నారు. అనుమానం ఉన్నచోట సంచీలో ఇంటి నుంచి తెచ్చిన కిలో ఉప్పు ప్యాకెట్‌ను ముందుగా కాటా మీద పెట్టి చూడడం నా పద్ధతి. మొహమాటపడవలసిన పని లేదు.

రెండోది చెత్త. 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించినా, ఇక్కడ ఊదితే ఎగిరిపోయేంత పలచని కవర్లే చేతిలో పెడతారు, అడిగి మరీ తీసుకునేది మనమే కాబట్టి తప్పు వాళ్ల ఒక్కరిదే కాదు. అంగడి లేచాక రోడ్డు మీద మిగిలే కాలీఫ్లవర్ ఆకులూ కుళ్లిన టమాటాలూ శనివారం తెల్లవారి పారిశుద్ధ్య కార్మికులు ఊడ్చేదాకా అక్కడే ఉంటాయి, వాన పడిన రాత్రి అవన్నీ నాలాలోకే చేరతాయి. ఈ కూరలన్నీ వచ్చిన బోయిన్‌పల్లి మార్కెట్‌లోనే రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల వరకు కరెంటు తీసే బయోగ్యాస్ ప్లాంటు నడుస్తోందన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా, ఆ కుప్పను దాటడం ఇంకా కష్టంగా ఉంటుంది. అక్కడి పెద్ద ఏర్పాటు ఇక్కడ అక్కర్లేదు, నాలుగు డ్రమ్ములు చాలు.

మూడోది దారి. అంబులెన్సు వస్తే రెండు పక్కల పట్టాలు లాగి దారి ఇస్తారన్నది నిజమే, కానీ అందుకు పట్టే నిమిషాలు రోగికి చిన్నవి కావు. మా అసోసియేషన్‌లో కొందరు దీన్ని సాకుగా చూపి అంగడినే ఎత్తివేయించాలంటారు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వారిని తొలగించడానికి వీల్లేదు. చోటు నిర్ణయించడంలో సలహా ఇచ్చే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. ఒక పక్కనే పట్టాలు పరిచి, రెండో పక్క ఖాళీగా ఉంచితే ఎవరికీ ఇబ్బంది ఉండదని నా అభిప్రాయం.

పది నిమిషాల్లో కూరలు ఇంటికి తెచ్చే యాప్‌లతో పోల్చమని మా అబ్బాయి అడిగాడు. పాలు అయిపోయిన రాత్రి అవి మంచివే, నేనూ వాడతాను. కానీ వంకాయ తొడిమ పట్టి చూసుకునే వీలు అక్కడ లేదు. అయిదు మార్కులకు ఆకుకూరలకు నాలుగున్నర, మిగతా కూరలకు మూడున్నర, పండ్లకు ఒకటి, తూకానికి రెండు, కబుర్లకు అయిదూ ఇస్తాను.

వెళ్లేవారు గుడ్డ సంచీ, చిల్లర తీసుకెళ్లాలి. దాదాపు అందరి దగ్గరా ఫోన్ చెల్లింపుల బోర్డు ఉందిగానీ, ఏడింటి రద్దీలో నెట్ అందక ఇద్దరూ ఆకాశం వైపు ఫోన్లు ఎత్తి నిలబడాల్సి వస్తుంది. బండి గుడి వెనక ఖాళీ స్థలంలో పెట్టుకోవచ్చు. ఇంకొక సంగతి: నాలాలో పూడిక తీస్తారట కనుక వచ్చే రెండు వారాలు వంతెన వైపు సగం అంగడి పక్క గల్లీలోకి, స్కూలు గోడ వెంబడి, మారుతుంది. ఈ మాట అసోసియేషన్ గ్రూపులో ఇంకా రాలేదు, గోకరకాయల పెద్దమ్మ చెప్పింది.