ఓం పురి కెరీర్ రివ్యూ: ముందు చేతులు చూడండి, తర్వాత గొంతు వినండి

మన తెలుగు ప్రేక్షకుల్లో చాలామందికి ఓం పురి అంటే రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’లో మంత్రగాడు, లేదంటే రేవతి ‘అంకురం’లో పౌరహక్కుల లాయరు. కొందరైతే అమ్రిష్ పురి తమ్ముడనే అనుకుంటారు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు.

1976లో మరాఠీ ‘ఘాశీరామ్ కొత్వాల్’తో మొదలుపెట్టి 2017 జనవరిలో చనిపోయేదాకా ఈయన చేసింది నలభయ్యేళ్ల పని. సినిమాలు, దూరదర్శన్ సీరియళ్లు, బ్రిటిష్ టీవీ, హాలీవుడ్, అన్నీ ఉన్నాయి. కొత్తగా చూసేవాళ్లు ఓటీటీలో ముందు కనబడిన ‘మాలామాల్ వీక్లీ’ లాంటిది పెట్టి, ‘బానే చేశాడు, అంత గొప్పేముంది’ అని ఊరుకుంటారు. తప్పు వాళ్లది కాదు, మొదలుపెట్టిన చోటుది.

మొదలుపెట్టాల్సింది ‘సద్గతి’తో. సత్యజిత్ రాయ్ 1981లో దూరదర్శన్ కోసం తీశాడు. ప్రేమ్‌చంద్ కథ, నిడివి గంటలోపే. జ్వరం నుంచి అప్పుడే లేచిన దుఖి, కూతురి నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టించుకుందామని పండితుడి ఇంటికొస్తాడు. వాకిలి ఊడ్వమంటారు, బస్తాలు మోయమంటారు, ఆఖరికి ఓ మొద్దు చూపించి చీల్చమంటారు. ఇక్కడ ముఖం మీద నుంచి చూపు తిప్పి భుజాలూ చేతులూ గమనించండి. కట్టెలు కొట్టడం తెలిసినవాడే, ఒంట్లో సత్తువ లేదంతే. మొద్దు మీద గాటు కూడా పడదు. పండితుడు మళ్లీ కసిరాక లేచి పూనకం వచ్చినట్టు కొడతాడు. డైలాగు అక్కర్లేదు. చావు ఎటునుంచి వస్తోందో ఆ దెబ్బల్లోనే తెలిసిపోతుంది.

మరో నటుడికైతే బహుముఖత్వం అంటే విగ్గులు, మీసాలు, యాసలు. ఓం పురి గుంటలు పడ్డ ముఖాన్ని ఏ మేకప్పూ దాచలేదు, దాచాలని ఆయన ప్రయత్నించనూ లేదు. మార్చుకున్నది పనిచేసే ఒళ్లు. అందుకే 1988 నాటి టీవీ సీరియల్ ‘తమస్’ మొదట్లో, ఐదు రూపాయలకి ఆశపడి పందిని చంపడానికి ఒప్పుకున్న నత్థూగా చూస్తే, దుఖికి దగ్గరి మనిషిలానే ఉంటాడు గానీ దుఖి మాత్రం కాదు. నత్థూ తోళ్ల పనివాడు, పందిని చంపడం చేతకాదు. చీకటి కొట్లో ఆ జంతువు వెనక పరిగెడుతూ, జారిపడుతూ, చెమటలు కక్కుతూ పడే అవస్థ నిమిషాల తరబడి సాగుతుంది. మర్నాడు ఆ పంది మసీదు మెట్ల మీద కనబడినప్పటినుంచీ ‘ఇది నేను చంపిందేనా’ అన్న భయం అతని నడకలోకి దిగుతుంది. మొత్తం దాదాపు ఐదు గంటలు. దేశ విభజన కథ కాబట్టి ఒక్క రాత్రిలో ముగించాలని కూర్చుంటే రెండో సగానికి మనసు మొద్దుబారుతుంది. మూడు నాలుగు భాగాలుగా చూడటం మంచిది.

మనవాళ్లు తప్పనిసరిగా చూడాల్సింది మాత్రం ‘సుస్మన్’. శ్యామ్ బెనెగల్ 1987లో పోచంపల్లి నేతన్నల మీద తీశాడు. ఓం పురి రాములు, షబానా ఆజ్మీ గౌరమ్మ. మగ్గం ముందు నటుడు ఊరికే కూర్చుంటే చేనేత ఇళ్లలో పెరిగినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. నాడె విసిరే చేతికీ కింద తొక్కే కాలికీ లయ కుదరదు. ఇక్కడ కుదిరింది. సినిమాగా చూస్తే లోపాలున్నాయి. సొసైటీలు, దళారులు, ఎగుమతుల గురించి చెప్పాలన్న తాపత్రయంలో కొన్ని సీన్లు డాక్యుమెంటరీలా సాగుతాయి. పైగా పోచంపల్లి మనుషులు హిందీలో మాట్లాడుకోవడం మన చెవికి కాస్త ఎబ్బెట్టు. అయినా రాములు మగ్గం మీదున్నంతసేపూ ఆ ఇబ్బంది గుర్తుకు రాదు.

ఇక గొంతు సంగతి. దాన్ని దాచేసిన సినిమాతో మొదలెడితేనే దాని విలువ తెలుస్తుంది. ‘ఆక్రోశ్’లో భార్యను చంపాడన్న నేరం మోపబడిన ఆదివాసీ లహాన్యా భికూ. లాయరుగా నసీరుద్దీన్ షా ఎంత బతిమాలినా నోరు విప్పడు. ఫ్లాష్‌బ్యాక్ వదిలేస్తే ఇంచుమించు సినిమా అంతా మౌనమే. చివర్లో ఏమవుతుందో ఇక్కడ చెప్పను. దాని తర్వాత 1983 నాటి ‘అర్ధసత్య’ పెట్టండి. సబ్‌ఇన్‌స్పెక్టర్ అనంత్ వేలంకర్, జాతీయ ఉత్తమ నటుడి అవార్డు తెచ్చిన పాత్ర. ‘ఆరోహణ్’ తర్వాత అది రెండోది. స్మితా పాటిల్ ఎదుట కూర్చుని, చక్రవ్యూహం మీద మరాఠీ కవి దిలీప్ చిత్రే రాసిన కవిత చదివే సీను ఉంది. ఏదో కాగితం చదివినట్టు తేలిగ్గా మొదలుపెడతాడు. సగానికొచ్చేసరికి ఆ చక్రవ్యూహం తనదేనని అర్థమై గొంతు బరువెక్కుతుంది. మన పోలీసు సినిమాల్లో హీరో అరిచినప్పుడు ఈల వేస్తాం. వేలంకర్ అరిస్తే వాడి చేతకానితనమే వినిపిస్తుంది.

అదే ఏడాది ‘జానే భీ దో యారో’లో తాగుబోతు బిల్డరు ఆహుజా. శవపేటికను పాడైన కారనుకుని, లోపలున్న శవంతో కబుర్లు చెప్పే సీను ఒక్కటి చాలు. ‘ఆక్రోశ్’, ‘అర్ధసత్య’ చూసిన వెంటనే ఇది చూడాలి, రేంజ్ అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

టీవీలో చరిత్ర సీరియల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ 53 భాగాలు. వ్యాఖ్యానం ఆయనదే, అశోకుడూ ఔరంగజేబూ ఆయనే. అన్నీ చూడటం అందరివల్లా కాదు. ఆ రెండు పాత్రలున్న భాగాలు ఏరుకుంటే చాలు. సబ్‌టైటిళ్లు లేకపోయినా ఆ హిందీ స్పష్టతకి ఇబ్బంది ఉండదు. ‘కక్కాజీ కహిన్’లో రాజకీయ దళారీ పాత్ర మాత్రం భాషలోని వెటకారం మీదే నడుస్తుంది. హిందీ బాగా రానివాళ్లకు సగం పోతుంది.

ఇంగ్లిష్‌లో ‘సిటీ ఆఫ్ జాయ్’ కన్నా ‘ఈస్ట్ ఈజ్ ఈస్ట్’ చాలా మెరుగు. మొదటిదాంట్లో రిక్షా లాగే కష్టం ఒంట్లో కనబడుతుంది గానీ, బీహార్ నుంచి కలకత్తాకి వలసొచ్చిన రైతు చేత అంతంత ఇంగ్లిష్ మాట్లాడించడంతో పాత్ర పలచబడింది. రెండోదాంట్లో ఇంగ్లండ్‌లోని సాల్‌ఫర్డ్‌లో చేపల వేపుడు కొట్టు నడిపే జార్జ్ ఖాన్. నవ్విస్తూనే పెళ్లాం మీద చెయ్యెత్తుతాడు, ఆ రెండూ ఒకే మనిషివని నమ్మిస్తాడు. బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టాకి నామినేషన్ ఊరికే రాలేదు.

కమల్ హాసన్ ‘ద్రోహి’ చూసినవాళ్లు దాని మాతృక ‘ద్రోహ్‌కాల్’ పక్కన పెట్టుకుని చూడండి. కమల్ చేసిన పోలీసాఫీసరు అక్కడ ఓం పురి. అలాగే ‘భామనే సత్యభామనే’ హిందీ రూపం ‘చాచీ 420’లో సెక్రటరీ బన్వారీలాల్‌గా ఆయన అనుమానపు చూపులు మొదటి దాంట్లో ఢిల్లీ గణేశ్‌కి ఏమాత్రం తీసిపోవు.

2000 నుంచి వచ్చిన హిందీ కామెడీల్లో ‘హేరా ఫేరీ’ ఖరక్ సింగ్ వరకూ సరే. మిగతావాటిలో చాలామటుకు దర్శకులు ఆ గొంతును గోల చేయడానికే వాడుకున్నారు, ఆయనా అడిగినంత ఇచ్చేశాడు. వాటిని వదిలేసి 2003 నాటి ‘మక్బూల్’ చూడండి. నసీరుద్దీన్ షాతో కలిసి జాతకాలు వేసే పోలీసు. కనబడేది కాసేపే అయినా, జంటగా వచ్చిన ప్రతిసారీ నవ్వాలో భయపడాలో తేల్చుకోనివ్వరు.

డబ్బింగ్ ప్రింట్లు మాత్రం దేనికీ ఎంచుకోకండి. గొంతు మారిస్తే ఈ నటుడిలో సగం పోయినట్టే.